నక్కలవాగుకి పురాణం అక్కర్లేదు

మాచర్ల దగ్గరున్న ఎత్తిపోతల జలపాతానికి ఆ పేరెలా వచ్చిందని ఎవరినైనా అడిగి చూడండి. గైడు చెప్పినా, యూట్యూబ్ వీడియో చెప్పినా, చుట్టాల్లో కాస్త పుస్తకాలు చదివిన పెద్దాయన చెప్పినా తరచూ వినిపించే జవాబు ఒకటే. పూర్వం అక్కడ యతులు తపస్సు చేసేవారట. అది 'యతి తపోతలం' అట. జనం నోట్లో పడి, నలిగి నలిగి 'ఎత్తిపోతల' అయిందట.

వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఒక్క ప్రశ్న. పల్లంలో ఉన్న నీళ్ళని తోడి మెరక చేనుకి పోస్తే దాన్ని ఏమంటాం? ఎత్తిపోత. ప్రభుత్వం నదిలో పంపులు పెట్టి నీళ్ళు పైకి తోడితే ఆ పథకానికి పేరేంటి? ఎత్తిపోతల పథకం. పట్టిసీమ ఎత్తిపోతల పథకంలో ఏ యతి ఉన్నాడు? ఎవరో ఎత్తి పోస్తున్నట్టు నీళ్ళు పడుతున్న చోటుని చూసి ఒక రైతు తన రోజువారీ పనిలోంచి ఒక మాట తీసి పేరు పెట్టాడు. దానికి తపస్సు అక్కర్లేదు, రెండు కళ్ళుంటే చాలు.

యతుల కథ మీద నాకేం కోపం లేదు. నా కోపమంతా 'జనం నోట్లో నలిగి' అనే ఆ ముక్క మీద. మన స్థలనామాల కథల్లో ఇది మళ్ళీ మళ్ళీ వినిపిస్తుంది. ముందొక స్వచ్ఛమైన సంస్కృత పదం ఉంటుంది. తర్వాత చదువు రాని జనం వస్తారు, దాన్ని పాడు చేస్తారు. జనం నోరు పాడు చేయడానికే తప్ప పుట్టించడానికి పనికిరాదన్నమాట. ఇంత అవమానాన్ని 'పేరు వెనుక కథ' అని మురిపెంగా షేర్ చేసుకుంటాం.

ఆ జలపాతానికి నీళ్ళిచ్చేవి మూడు వాగులు: చంద్రవంక, నక్కలవాగు, తుమ్మలవాగు. చంద్రవంక పేరు కొంతమందికైనా తెలుసు, అందంగా ఉంది కాబట్టి. మిగతా రెండూ ఎవరికీ పట్టవు. నక్కలకి, తుమ్మచెట్లకి స్థలపురాణం ఎవరు రాస్తారు? నాకు మాత్రం ఈ రెండు పేర్లే విలువైనవి అనిపిస్తాయి. ఒక కాలంలో ఆ గట్టున ఏ జంతువు తిరిగేదో, ఏ చెట్టు పెరిగేదో అక్కడ బతికిన మనిషి రాసిపెట్టుకున్న నోట్సు అవి. తారీఖు లేదు, సంతకం లేదు. అయినా అది సాక్ష్యం.

*

మన నదులకీ ఏర్లకీ ఉన్న జంట పేర్లని వరసగా పెట్టి చూడండి. పెన్నేరుకి పినాకిని. మొగలేరుకి స్వర్ణముఖి. కుందేరుకి కుముద్వతి. డిండికి దుందుభి. మూసీకి ముచుకుంద. ఎడమ కాలమ్‌లో ఉన్నవి బట్టలుతుక్కుంటూ, గొడ్లని తోలుకెళ్తూ, మోకాలిలోతు నీళ్ళలో దాటుతూ పిలుచుకున్న పేర్లు. కుడి కాలమ్‌లోవి సంకల్పం చెప్పేటప్పుడు, కావ్యంలో వర్ణన వచ్చినప్పుడు, ఈ కాలంలో అయితే గేటెడ్ కమ్యూనిటీ బ్లాకులకి పేర్లు పెట్టేటప్పుడు పనికొచ్చేవి.

రెండు పేర్లుంటే తప్పేంటి అంటారు. తప్పేం లేదు. మనలో చాలామందికి ఇంట్లో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఒక పేరు ఉంటాయి. ఏది 'అసలు పేరు' అన్న దగ్గరే గొడవ. 'కుందేరు అసలు పేరు కుముద్వతి' అంటాం. 'కుముద్వతి అసలు పేరు కుందేరు' అని ఎవరైనా అనగా విన్నారా? సంస్కృతంలో ఉన్నది సర్టిఫికెట్ పేరు, తెలుగులో ఉన్నది ముద్దుపేరు. ఏది ముందు, ఏది వెనక అని ఎవరూ అడగరు. నిర్ణయం ఎప్పుడో అయిపోయింది.

ఈ మార్పిడి ఎలా జరుగుతుందో గమనిస్తే మూడు దారులు కనిపిస్తాయి. మొదటిది శబ్దం పోలిక. డిండి అన్న ధ్వనికి దగ్గరగా పురాణాల్లో ఏముందని వెతికితే దుందుభి దొరుకుతుంది. 'కుందు'కి 'కుముద్' దొరుకుతుంది. రెండోది అనువాదం. కర్ణాటకలో పుట్టి, చిత్తూరు జిల్లా మూలనించి తమిళనాడులోకి పోయే పాలారు క్షీరనది అయింది. ఇందులో కాస్త నిజాయితీ ఉంది, కనీసం అర్థం మారలేదు. మూడోది కథ అతికించడం. అన్నిటికన్నా ఆసక్తికరమైంది ఇదే.

చెయ్యేరుని తీసుకోండి. కడప వైపు, రాజంపేట ప్రాంతంలో పారి పెన్నలో కలిసే ఏరు. ఎగువన దాని పాయ ఒకదాని పేరు బాహుదా. మహాభారతం శాంతిపర్వంలో శంఖుడు, లిఖితుడు అని ఇద్దరు అన్నదమ్ములున్నారు. అన్న తోటలో అడక్కుండా పండు కోసుకు తిన్నందుకు రాజు లిఖితుడి చేతులు నరికిస్తాడు. బాహుదా నదిలో మునిగితే చేతులు మళ్ళీ మొలుస్తాయి. బాహువులు ఇచ్చింది కాబట్టి బాహుద, తెలుగులో చెయ్యి ఇచ్చిన ఏరు కాబట్టి చెయ్యేరు. కాణిపాకం దగ్గర పారే ఏరు కూడా బాహుదే, అక్కడా ఇదే కథ. ఒక్క లిఖితుడికి ఎన్నిచోట్ల చేతులు మొలిచాయో లెక్క పెట్టుకోవాల్సిందే.

ఇప్పుడు సరిహద్దు దాటి తమిళనాడుకి పోదాం. తిరువణ్ణామలై జిల్లాలో చెయ్యారు అని ఒక ఏరుంది, అది పాలారులో కలుస్తుంది. మన పేరూ దాని పేరూ వినడానికి దాదాపు ఒకటే. అక్కడ చెప్పే కథలో మాత్రం చెయ్యీ లేదు, లిఖితుడూ లేడు. తమిళంలో 'సేయ్' అంటే బిడ్డ. తన బిడ్డ మురుగన్ ఆడుకోడానికి పార్వతి ఆ ఏటిని పుట్టించిందని అక్కడి వాళ్ళు చెప్పుకుంటారు. ఇంచుమించు ఒకే శబ్దం. ఇటుపక్క తెగిన చేతులు మొలిచాయి, అటుపక్క పసిపిల్లాడు ఆడుకున్నాడు. దీన్నిబట్టి నాకర్థమయ్యేది ఒకటే: ముందు పేరుంది, చుట్టూ ఉన్న భాషకి తగ్గట్టు కథ తర్వాత వచ్చి కూర్చుంది.

వస్తే రానీ, కథలు అందంగానే ఉన్నాయి కదా అంటారా? చెయ్యేరు గురించి మనం భద్రంగా దాచుకున్నది ఏంటో ఆలోచించండి. భారతంలోని చేతుల కథ. ఏ వానకి ఎంత నీరొస్తుంది, ఏ గట్టు ముందు మునుగుతుంది, పాతరోజుల్లో ఎక్కడిదాకా వచ్చింది అని గట్టున బతికే వాళ్ళకి తెలిసిందంతా 'స్థానికుల మాటలు' కింద కొట్టుకుపోయింది. 2021 నవంబరు 19న ఎగువ నించి విరుచుకుపడ్డ వరదకి అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేటల మీదికి ఏరు వచ్చింది. చేతులిచ్చే ఏరని మనం కీర్తిస్తూ వచ్చిన నీళ్ళు ఇళ్ళనీ మనుషులనీ ఎత్తుకుపోయాయి. కథ మారిస్తే వరద ఆగేదని నేను అనట్లేదు. ఒక ఏటి గురించి వెయ్యేళ్ళ కథ కంఠతా ఉండి, నిరుడు అది ఎలా ప్రవర్తించిందో గుర్తులేని సమాజం గురించి అంటున్నాను.

*

'అయితే కథలన్నీ తీసి పారేయమంటావా?' అని ఎవరైనా అడిగితే, మేడారం వైపు చూడమంటాను.

మేడారం జాతరకి వెళ్ళేవాళ్ళు ముందు మునిగేది జంపన్నవాగులో. ఒకప్పుడు అది సంపెంగవాగు. ఎంత అందమైన పేరు! పూల పేరు, తెలుగు పేరు, కవులు కోరుకునేలాంటి పేరు. కప్పం కట్టలేదని కాకతీయ సైన్యం కోయల మీదికి వచ్చింది. సమ్మక్క కొడుకు జంపన్న పోరాడి, గాయాలతో ఆ వాగులో పడి ప్రాణం వదిలాడు. అతని నెత్తురుతో నీళ్ళు ఎర్రబడ్డాయని, అప్పటినించి అది జంపన్నవాగు అయిందని అక్కడి మాట.

ఇదీ కథే. దీనికి శాసనం చూపించమని నేను అడగను. కానీ తేడా చూడండి. ఇక్కడ పాత పేరుని ఎవరూ దాచలేదు. 'ఇది ముందు సంపెంగవాగు' అని చెప్పిన తర్వాతే కొత్త పేరు చెప్తారు. కొత్త పేరు పక్కవాడి గ్రంథంలోంచి రాలేదు. తమ ఇంటి పిల్లాడి పేరు, తమ ఓటమి పేరు. రాజ్యం గెలిచిన చోట, ఓడిపోయిన వాళ్ళు వాగు పేరు మార్చి తమ సంగతి రాసుకున్నారు. రెండేళ్ళకోసారి లక్షలమంది అందులో మునిగి ఆ సంగతిని గుర్తు చేసుకుంటారు. దుందుభికీ జంపన్నకీ మధ్య దూరం ఇది: ఒకటి వాగుకి పెద్దింటి చుట్టరికం అంటగడుతుంది, ఇంకోటి వాగుకి సొంత చరిత్రని ఇస్తుంది.

ఇక మన సాహిత్యం సంగతి. తెలుగులో ఒక చిన్న ఏరుకి దక్కిన అతి పెద్ద గౌరవం విశ్వనాథ సత్యనారాయణ 'కిన్నెరసాని పాటలు'. అత్త పోరు పడలేక అడవికి పరుగెత్తి, కరిగి వాగైపోయిన కోడలు, రాయైపోయిన మొగుడు. కావ్యంగా దాని స్థాయిని తగ్గించే పని నేను పెట్టుకోను. కానీ ఆ కావ్యం తర్వాత కిన్నెరసాని అంటే తెలుగు పాఠకుడికి ఒక ఆడమనిషి దుఃఖం, అంతే. ఆ ఏటి ఒడ్డున బతికే కోయలు ఎవరు, వాళ్ళు దాని గురించి ఏం చెప్పుకుంటారు అన్నది మన పాఠంలో లేదు. ఆ కిన్నెర మీద పాల్వంచ దగ్గర ఆనకట్ట కట్టారు. కరిగిన కోడలు ఇప్పుడు కొత్తగూడెం థర్మల్ స్టేషన్‌కి నీళ్ళు మోస్తోంది. ఈ కథ కూడా రాయదగ్గదే. ఇంకా ఎంతకాలం ఆ పాత కన్నీళ్ళ దగ్గరే ఆగిపోతాం?

మన కథల్లోనూ చూడండి. 'ఊరి చివర వాగు' ఉంటుంది. ప్రేమికులు అక్కడ కలుసుకుంటారు, పిల్లలు ఈత కొడతారు, ఎవరో ఒకరు దూకుతారు. వాగుకి మాత్రం పేరుండదు. ఊరికి పేరుంటుంది, పాలేరుకి పేరుంటుంది, కొన్ని కథల్లో కుక్కకీ పేరుంటుంది. (అన్నట్టు పాలేరు అని ఖమ్మం వైపు ఒక ఏరే ఉంది. పాలు పారే ఏరో, ఊరందరి పొలాల్లో చాకిరీ చేసే జీతగాడో వినేవాళ్ళ ఇష్టం.)

*

పేరు పోవడానికి రెండో దారి ఉంది. అది పురాణాలది కాదు, ఆఫీసులది.

రెవెన్యూ రికార్డుల్లో మన వాగులు పడుకున్న చోటు పేరు 'వాగు పోరంబోకు'. శిస్తు కట్టక్కర్లేని, అందరికీ చెందిన నేల అని దాని అర్థం. ఆ మాట వాడుకలోకి వచ్చేసరికి పనీపాటా లేని పనికిమాలినవాడు అయింది. అందరిదీ అయినదాన్ని పనికిమాలినదనే భాష మనది. పక్కన చెన్నైలో టి.ఎం. కృష్ణ 2017లో ఎన్నూరు క్రీక్ కోసం ఇదే మాటని తీసుకుని కర్ణాటక సంగీతంలో పాడాడు. తిట్టుని తిరిగి హక్కుగా మార్చే ప్రయత్నం అది. మన దగ్గర ఆ మాట ఇంకా తిట్టుగానే ఉంది.

వాగుని పిలవడానికి మనకెన్ని మాటలున్నాయో చూడండి. ఏరు, వాగు, వంక, ఒర్రె, గెడ్డ, కాలువ. ఉత్తరాంధ్రలో గెడ్డ, సీమలో వంక, తెలంగాణలో ఒర్రె. ఇప్పుడు విశాఖ నగరంలో గెడ్డ అంటే ముక్కు మూసుకుని దాటే మురుగు. హైదరాబాదులో నాలా సంగతీ అంతే. నాలా అంటే ఆ భాషలో చిన్న ఏరే. నీళ్ళని పాడు చేశాం, దాంతోపాటు మాటనీ పాడు చేశాం. ఇప్పుడు పిల్లలకి గెడ్డ అన్న మాట నేర్పాలంటే ముందు దాని కంపు వదిలించాలి.

పటాన్‌చెరు చుట్టూ పాములవాగు, ఇసుకవాగు, నక్కవాగు అని ఉన్నాయి. మూడు పేర్లలో మూడు సంగతులు ఉన్నాయి. పాములుండేవి, ఇసుక ఉండేది, నక్కలు తిరిగేవి. అక్కడ పారిశ్రామికవాడ వచ్చాక ఫ్యాక్టరీల విషం ఈ వాగుల్లోంచి మంజీరలోకి దిగింది. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆ పేరు ఇప్పుడు పర్యావరణ కేసుల కాగితాల్లో వినిపిస్తుంది తప్ప కథలో, కవితలో కాదు. నక్క పేరున్న వాగు కాబట్టి ఎవరి గుండె తరుక్కుపోలేదా? అదే వాగుకి ఏ మందాకిని అనో పేరుండి ఉంటే కనీసం పది కవితలు వచ్చేవని నా గట్టి అనుమానం.

బుడమేరు సంగతి ఇంకా దగ్గరిది. మైలవరం కొండల వైపు నించి వచ్చి కొల్లేరులో కలిసే ఏరు. దాని దారి మళ్ళించి కృష్ణలోకి పంపడానికి కాలువ తవ్వాక, కాగితాల్లో మూడక్షరాల బీడీసీ అయింది. 2024 సెప్టెంబరు మొదట్లో దానికి గండ్లు పడి సింగ్‌నగర్ చుట్టుపక్కల కాలనీలన్నీ రోజుల తరబడి నీళ్ళలో నానాయి. ఆ వారమంతా మనం విన్న మాట 'బెజవాడ దుఃఖదాయని'. చూశారా, మళ్ళీ ఒక బిరుదు! ఏరు తన పాత దారిలోకి వచ్చింది. దారిలో ఇళ్ళున్నాయి. ఇళ్ళు కట్టనిచ్చిన వాళ్ళకి ఏ బిరుదూ లేదు, దుఃఖం ఇచ్చిన నింద మాత్రం ఏరుది.

*

ఇదంతా సంస్కృతం మీద పగ అనుకునేవాళ్ళు ఉంటారు. చంద్రవంకలో చంద్రుడు సంస్కృతం నించే వచ్చాడు, నాకు ఏ ఇబ్బందీ లేదు. మెదక్ వైపు హల్దీవాగుకి పసుపుయేరు అనే పేరూ ఉంది, ఉర్దూలో పసుపు, తెలుగులో పసుపు. రెండు భాషల వాళ్ళు ఒకే నీటిని చూసి ఒకే మాట అన్నారు. అచ్చతెలుగు పేర్లే ఉండాలనే పట్టుదల నాకు లేదు. భాషలు కలుస్తాయి, ఏర్లు కలిసినట్టే. ఒక పేరు ఇంకో పేరు పక్కన కూర్చుంటే సంతోషం. 'నువ్వు నకిలీ, నేను అసలు' అని మెడపట్టి గెంటితేనే పేచీ.

ఇంకో అభ్యంతరం కాస్త బరువైంది. పేర్లు కాపాడితే వాగులు బతుకుతాయా? నక్కలవాగులో ఇప్పుడు నక్కలు లేవు, తుమ్మలవాగు గట్టున రేపు తుమ్మలు ఉండకపోవచ్చు. నిజమే, పేరు వాగుని కాపాడదు. కానీ పేరు లేని వాగుని చంపడం చాలా తేలిక. లేఅవుట్ వేసేవాడు 'ఇక్కడ వాగేం లేదు, వానాకాలంలో కాసిని నీళ్ళు నిలుస్తాయి అంతే' అన్నప్పుడు ఎదురు చెప్పడానికి ఊరివాళ్ళ చేతిలో ఏముంటుంది? 'ఇది సుద్దగెడ్డ, మా తాత దీన్ని సుద్దగెడ్డే అన్నాడు' అనగలిగితే కనీసం వాదన మొదలవుతుంది. గొల్లప్రోలు వాళ్ళకి ఆ పేరు ఎంత మాటో వరద వచ్చినప్పుడల్లా తెలుస్తూనే ఉంది.

పేరులో సమాచారం ఉంటుంది. సుద్దగెడ్డ, ఎర్రకాలువ, ఇసుకవాగు అంటే మట్టి. మొగలేరు, తుమ్మలవాగు, సంపెంగవాగు అంటే చెట్టూ చేమా. బుగ్గవాగు అంటే అక్కడ ఊట ఉందని. స్వర్ణముఖి అంటే? బంగారు ముఖం. దాన్నిబట్టి ఆ ఏటి గురించి మీకు ఏం తెలిసింది? మొగలేరు అంటే గట్టున మొగలిపొదలు కళ్ళముందు కనిపిస్తాయి, వాసన కూడా వస్తుంది. ఒకటి పొగడ్త, ఇంకోటి వార్త. పొగడ్త కోసం వార్తని వదులుకున్నాం.

మోయతుమ్మెదవాగు అని కరీంనగర్, సిద్దిపేటల వైపు ఒకటుంది. ఊకచెట్టువాగు అని పాలమూరు వైపు ఒకటుంది. ఈ పేర్లు చదివినప్పుడల్లా తెలుగులో ఇంత వింతగా, ఇంత ధైర్యంగా పేరు పెట్టగలిగిన మనుషులుండేవారా అని ఆశ్చర్యం వేస్తుంది. ఏ కవి సమ్మేళనంలోనూ వీళ్ళకి శాలువా కప్పలేదు. అయినా వీళ్ళ మాటే వందల ఏళ్ళుగా పారుతోంది.

ఊళ్ళ పేర్ల విషయంలో మనకి మంచి దారి చూపిన వాళ్ళున్నారు. కథకుడు కేతు విశ్వనాథరెడ్డి కడప జిల్లా ఊళ్ళ పేర్ల మీద పరిశోధన చేశాడు. యార్లగడ్డ బాలగంగాధరరావు నెల్లూరు జిల్లా గ్రామనామాలని శాస్త్రీయంగా పరిశీలించాడు. కథలు రాసిన మనిషి ఊరి పేర్ల దగ్గర అంత ఓపిగ్గా కూర్చోవడం నాకు చాలా ఇష్టమైన సంగతి. ఆ ఓపిక వాగులకీ రావాలి. ఇంకో ఇరవై ఏళ్ళాగితే పేరు చెప్పేవాళ్ళు మిగలరు.

యూనివర్సిటీల కోసం ఎదురు చూడక్కర్లేదు. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ తెరిచి మీ అమ్మమ్మ ఊరి దగ్గరికి జూమ్ చేయండి. సన్నటి నీలిగీతలు చాలా కనిపిస్తాయి. వాటిలో ఎన్నింటికో పేరు గడి ఖాళీ. ఉన్నచోట కూడా తరచూ ఇంగ్లీషు స్పెల్లింగే. మున్నేరు ఆ స్పెల్లింగులో పడి, మళ్ళీ తెలుగులోకి వచ్చేసరికి మునేరు అయిపోతోంది. ఆ మ్యాపులో ఎవరైనా మార్పు చేయొచ్చు, తెలుగు పేరు రాయడానికి విడిగా గడి ఉంది, వేరే పేర్లుంటే వాటికీ చోటుంది. ఊరెళ్ళినప్పుడు ఒక పెద్దమ్మనో, గొర్రెల కాపరినో అడిగి, వాళ్ళు పలికినట్టే రాయండి. కథ చెప్తే అదీ రాసుకోండి, ఎవరు చెప్పారో కూడా. రెండు కథలుంటే రెండూ. ఏది అసలుదని తేల్చే పని మాత్రం పెట్టుకోవద్దు.

అలాగే, ఈసారి మీ కథలో వాగు వస్తే దానికి పేరు పెట్టండి. నక్కలవాగు అయినా సరే. నక్కలవాగు అయితే మరీ మంచిది.